నాలుగు అమాసల బ్రేకులు

తాండూరు రైలు గేటు కాడ అజమత్ మిస్త్రీకి ఒక రేకుల షెడ్డు ఉంటుండె. ఆయనకు కోపమొస్తె ఆ రేకులు వాటంతటవే లేస్తుండె. పంతొమ్మిది వందల యాభై ఎనిమిదిల గవి నాలుగు సార్లు లేసినయి. అన్నీ ఒక్క జీపు కోసమే.

అజమత్ హైదరాబాదుల సర్కారు మోటర్ కార్ఖానల పన్నెండేండ్లు చేసినోడు. పోలీస్ యాక్షన్ అయినంక కొలువు వోయింది. పెండ్లాం మహబూబ్‌బీ, ఒక పానాల పెట్టె, గంతే పట్టుకోని మన తాండూరికొచ్చిండు. ఇగ ఆయనకు మిగిలింది పేరొక్కటే. అజమత్ చెయ్యి పడ్డ బ్రేకు యముని దున్నపోతును గూడ ఆపుతదని కొడంగల్ దాంక చెప్పుకుంటుండిరి.

బ్రేకులు చేసినంక ఆయనకొక రివాజు ఉండె. మహబూబ్‌బీని ముంగట సీట్ల కూసోవెట్టి, ఒళ్లె నిండు బిందె వెట్టి, బండిని వికారాబాద్ కొంచవోయి అనంతగిరి గుట్ట దింపుతుండె. నడుమ గట్టిగ బ్రేకు తొక్కుతుండె. నీళ్లు సక్కగ ముందుకొస్తె చక్రాలన్నీ ఒక్కతీరుగ పట్టినట్టు. ఆమె ఎడమ మోకాలు తడిస్తె ఎడమ చక్రం పడ్తలేనట్టు. "నిఖా నాడు గూడ గిన్ని నీళ్లు పోసుకోలె తల్లీ" అంటుండె ఆమె, చీర పిండుకుంట.

గా జీపు యాలాల్ ఊరి భీమప్ప పటేలుది. మిలిటరోళ్లు వేలమేస్తె కొన్నడు. ఆ జీపు ఊర్లకొచ్చిన నాడు బర్రెలు పాలియ్యలేదంటరు. దాని ముంగటి ఎడమ చక్రం పడ్తలేదని అజమత్ కాడికి తెచ్చిండు. అజమత్ డ్రమ్ము ఊడదీసి, అరిగిన పట్టీలు తీసి, కొత్త పట్టీలు రిబీట్లు గొట్టి ఎక్కిచ్చిండు. గుట్ట దింపిండు. బిందెల నీళ్లు సక్కగ ముందుకొచ్చినయి.

నెల తిరగలే. బ్రేకు పడక జీపు యాలాల్ జంగమ్మ కంది చేన్ల జొచ్చింది. ఊడదీస్తె లోపలంత నల్లటి జిగట, డ్రమ్ము నిండ గీతలు. బ్రేకు నూనె కారుతున్నదనుకోని అజమత్ వాషర్లన్నీ మార్చిండు, డ్రమ్మును లేతు మీద తిప్పిచ్చిండు, మల్ల కొత్త పట్టీలేసిండు. మల్ల బిందె పాస్. నెల తిరగక ముందే మల్ల అదే జిగట. మూడోసారి హైదరాబాద్ వొయ్యి కొత్త డ్రమ్మే కొన్నడు. రైల్ల దాన్ని పసిపిల్లగానోలె ఒళ్లె వెట్టుకోని తెచ్చిండు. గదీ గంతే.

"మిస్త్రీ, నీ పట్టీలు బెల్లంతోని చేస్తున్నవా?" అన్నడు భీమప్ప.

"పటేలా, నీ జీపుకే ఏదో సోకింది."

"నీకే సోకింది. నాలుగోసారి గిట్లయితె జీపు వికారాబాద్ మిస్త్రీకి ఇస్త. నా ఎనకాల తాండూరు లారీలన్ని గాడికే పోతయి, యాదుంచుకో."

పట్టీలు నాలుగోసారి మారినయి. జీపు యాలాల్ వోయింది. అజమత్ బువ్వ తింటలేడు, పానాలు గోడకేసి కొడ్తున్నడు. మహబూబ్‌బీ ఆయన పైజామా ఉతుక్కుంట, నల్లటి మరకను వేళ్లతోని నలిపి సూసింది.

"జీ, గిది బ్రేకు నూనె గాదు."

"మరేంది, అత్తరా?"

"ఆముదం."

"బ్రేకు నూనెల గూడ ఆముదం కలుస్తది. నాకు నేర్పకు."

"గడ్డి బూడిద గూడ కలుస్తదా? మా అబ్బా బండి ఇరుసుకు గిట్లాంటి కందెననే పూస్తుండె. మూడు సార్లు గూడ జీపు అమాస అయినంకనే వచ్చింది, లెక్కేసుకో. రేపే అమాస."

అజమత్ నోట్లె బీడీ కింద వడ్డది.

తెల్లారి ఇద్దరు కలిసి యాలాల్ వోయిన్రు. కొట్టంల జీపు కుడి దిక్కు గోడకానుకోని ఉన్నది. ఎడమ చక్రం కాడ భీమప్ప తల్లి ఈశ్వరమ్మ గొంతుకూసోని ఉన్నది. చేతిల వెదురు గొట్టం, గొట్టం నిండ కందెన. డ్రమ్ము సందుల పుల్లవెట్టి, పిల్లలకు పాలు వట్టినట్టు పోస్తున్నది.

"అవ్వా, ఏం జేస్తున్నవు?" అజమత్ గూడ ఆమె పక్కన గొంతుకూసున్నడు.

"కూస్తున్నది కొడుకా, గీ చక్రం. కూసే బండి ఇంట్ల ఉంటె పదూర్లల్ల పరువు పోతది. కుడి దిక్కు చెయ్యి వోతలేదు గని, దానికీ పోస్తుంటి. నేను కాపురానికొచ్చిన సంది ఇంటి బండ్లకు కందెన పూసుడు ఏ అమాస తప్పలే."

"అవ్వా, గది ఇరుసు గాదు. పట్టీ గీసుకుంటెనే బండి ఆగుతది. నువ్వు నూనె వోస్తె జారుతది. నాలుగు నెలల సంది నా ఇజ్జత్ జారింది."

ముసలమ్మ మొకం తెల్లవడ్డది. గప్పుడే భీమప్ప తలపాగ సుట్టుకుంట బయటికొచ్చిండు, ఏదో పని మీద వికారాబాద్ పోదమని.

"ఏంది మిస్త్రీ, పొద్దుగాలనే? మల్ల తప్పు జేసినవా?"

ఈశ్వరమ్మ గొట్టం కొంగుల దాసుకున్నది. అజమత్ ఆమెను సూసిండు, పటేలును సూసిండు, మీసం కొరుక్కున్నడు. ఒక్క మాట చెప్తె నాలుగు నెలల నింద పోతుండె.

"ఒక రిబీటు సరిగ కొట్టలె పటేలా. నాదే తప్పు."

"నాకెరుకనే. ఇయ్యాల జీపు వికారాబాద్ మిస్త్రీకే."

మహబూబ్‌బీ ఊకుంటదా? "గట్లనే ఇయ్యి పటేలా. గని గుట్ట దిగినంక. బిందె నేను పట్టుకోను, అవ్వ పట్టుకుంటది. ఆమె మోకాలు తడిస్తె జీపు ఆడనే ఇడిసిపెట్టు."

అజమత్ ఆడనే డ్రమ్ము ఊడదీసి, పెట్రోలుతోని కడిగి, ఎంబడి తెచ్చిన కొత్త పట్టీలు ఎక్కిచ్చిండు. అనంతగిరి మీదికెల్లి దిగుతుంటె ఈశ్వరమ్మ బిందెను కౌగిలించుకోని కండ్లు మూసుకున్నది. అజమత్ బ్రేకు తొక్కిండు. చక్రం కూసిన కూతకు గుట్ట మీది కోతులన్ని కర్ణాటకకు ఉరికినయి. నీళ్లు సక్కగ ముందుకొచ్చి, సక్కగ ఎనకకు వోయినయి. మోకాలు పొడి.

"కూస్తున్నది కొడుకా" అన్నది ముసలమ్మ, మెల్లగ.

"కూయనియ్యి అవ్వా."

జీపు అజమత్ చేతిలనే ఉన్నది, లారీలు గూడ. గని భీమప్ప సంతల నిలవడి, మిస్త్రీ నాలుగోసారికి పని నేర్సుకున్నడని నవ్విండు. గంతే, నాలుగుసార్ల మిస్త్రీ అని పేరు వడ్డది. అసలు సంగతి, పక్కింటోళ్లం గద, మహబూబ్‌బీ నాకు గోడ మీదికెల్లి చెప్పింది, ఎవ్వరికి చెప్పొద్దని. నేను తాండూరోళ్లకు తప్ప ఎవ్వరికి చెప్పలె. వాళ్లు నమ్మలె, నవ్విన్రు.

అజమత్ ఆ పేరు ఇంటె సుత్తె తీస్తుండె. గని అమాస అమాసకు యాలాల్ పోతుండె. బ్రేకుకు సంబంధం లేని జీపు కింది కమాను స్ప్రింగులు సూపెట్టి, "ఈడ పుయ్యి అవ్వా, ఎంతన్న పుయ్యి" అంటుండె. ఆమె పూస్తుంటె, ఎడమ చక్రానికి అడ్డంగ కూసుంటుండె.