ముగ్గురికీ ఒకే బండి

పద్నాలుగేళ్లుగా మహబూబ్‌నగర్ నుంచి హైదరాబాదుకు రోజూ రైల్లో ఉద్యోగానికి పోయివస్తున్నవాణ్ణి నేను. ఏ బండి ఎక్కడ ఎంతసేపు ఆగుతుందో, ఏ స్టేషనుకు ఎంత కిరాయో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ణి. అడగనివాళ్లకు కూడా చెప్పడం నా జబ్బు. ఇప్పుడు ఎవరైనా అడిగితే తెలియదంటున్నాను. భిక్షపతి గురించి రాయాలంటే ముందు ఈ సంగతి ఒప్పుకోవాలి.

భిక్షపతిది దేవరకద్ర పక్కన చిన్న పల్లె. సేటు ఇచ్చిన నూలుతో చీరలు నేసి కూలి తీసుకుంటాడు. సన్నటి మనిషి, మాట నెమ్మది. రైల్లో కూర్చున్నా కాళ్లు ఊరుకోవు, మగ్గం తొక్కుతున్నట్టే ఆడుతుంటాయి. భార్య వసంతలక్ష్మి. పెళ్లయిన ఏడేళ్లకు పుట్టిన ఒక్కగానొక్క బిడ్డ మానస. ఆ పిల్లకు పుట్టుకతోనే కాలేయం బాగాలేదు. నెలకు రెండుసార్లు హైదరాబాదులో పెద్ద దవాఖానకు తీసుకుపోవాలి. అక్కడ పరీక్షలు ఉచితం, మందులు ఉచితం. అక్కడికి చేరడమే ఖరీదు.

వాళ్లను నేను మొదట చూసినప్పుడు మానసకు ఐదేళ్లు. పొట్ట ఉబ్బి, కాళ్లు పుల్లల్లా ఉండేవి. కళ్లు పచ్చగా ఉండేవి. నోరు మాత్రం ఊరుకునేది కాదు. తండ్రి ఒడిలో కూర్చుని, కిటికీ చువ్వలు పట్టుకుని, బండి ఆగిన ప్రతిసారీ అడిగేది.

“బాపు, గిది ఏ ఠేషన్?”

భిక్షపతి కావాలనే తప్పు చెప్పేవాడు. “గిది బొంబాయి బిడ్డా.”

“బొంబాయి కాదు! బాలానగర్! నీకేం తెల్వదు బాపు!”

డబ్బాలో అందరం నవ్వేవాళ్లం. ఆరు నెలల్లో ఆ పిల్లకు దేవరకద్ర నుంచి కాచిగూడ దాకా స్టేషన్లన్నీ నోటికొచ్చాయి. అయినా అడగడం మానలేదు. ఆయన తప్పు చెప్పడమూ మానలేదు.

కరోనాతో ప్యాసింజరు బండ్లు ఆగిపోయాయి. మళ్లీ నడిచేనాటికి అదే బండి, అవే డబ్బాలు, పేరూ కిరాయీ మాత్రం ఎక్స్‌ప్రెస్‌వి. “పేరు మారిస్తే కిరాయి పెరుగుతదా సారూ? అట్లయితే నేను గూడ పేరు మార్చుకుంట, సేటు కూలి పెంచుతడేమో” అని భిక్షపతి నవ్వాడు గానీ, ఆ నవ్వు ఎక్కువకాలం నిలవలేదు. రెండు టికెట్లు, ఒక అర టికెట్టు, రానూపోనూ మూడు వందల పైమాటే. నెలకు రెండుసార్లు. ఒకసారి చేతిలో పైసలాడక పోలేదు. పది రోజుల్లో పిల్ల కడుపు నీటితో నిండింది. ఆ తర్వాత ఒక్కపూట తిన్నా సరే, దవాఖాన మాత్రం తప్పనివ్వలేదు.

రెండువేల ఇరవైమూడు డిసెంబరులో ఆడవాళ్లకు బస్సు ఉచితమైంది. మరునాడే రైల్లో నేను లెక్క తీశాను. ఎవరూ అడగలేదు.

“తల్లీబిడ్డను బస్సెక్కియ్యి తమ్మీ. ఇద్దరికీ జీరో టికెట్టు. నువ్వు మగోనివి, బస్సుకు నీకు రెండొందలయితది. నువ్వొక్కనివి రైలుల రా. దవాఖాన గేటు కాడ కలుసుకోన్రి.”

“బిడ్డను ఇడిసిపెట్టి నేనొక్కన్నెట్లొస్త సారూ?”

“మూడు గంటల ముచ్చట. దానికే గింత ఫికర్ ఎందుకు? మిగిలిన పైసలతోని పిల్లకు పాలో పండ్లో వస్తయి.”

అతని కాళ్లు ఆడుతూనే ఉన్నాయి. చివరికి, “మీరు చెప్పింది గూడ నిజమే” అన్నాడు. నాకు ఎంత సంతోషమైందో! పెద్ద ఉపకారం చేశాననుకున్నాను. నలుగురికీ చెప్పుకున్నాను కూడా.

మొదటిరోజు బస్సులో మానస ఏడ్చిందట. తర్వాత అలవాటైంది. తల్లి ఫోను తీసుకుని బస్సులోంచే అడిగేది. “బాపు, ఏ ఠేషన్?” ఇతను రైల్లోంచి ఏదో ఒక తప్పు పేరు చెప్పేవాడు. అవతల నుంచి దిద్దుబాటు వచ్చేది. “మా బస్సే ముంగట” అని గెలిచినట్టు అరిచేది. ఒకరోజు ఫోను నాకిమ్మంది.

“సారూ, మీరన్న చెప్పున్రి బాపుకు. ఒక్కసారి నన్ను రైలుల తీస్కపొమ్మనున్రి.”

“వచ్చే నెల బిడ్డా” అన్నాను, నా సొమ్మేదో పోతున్నట్టు.

రెండు మూడు నెలల్లోనే ప్యాసింజరు కిరాయి మళ్లీ పాతదానికి వచ్చింది. ఇక కలిసి రండి అని అప్పుడే అనాల్సింది. బస్సు ఉచితంగా ఉండగా రైలెందుకులే అనుకున్నాను. తండ్రి ఒడికి వెల కట్టడం నాకు చేతకాలేదు. టికెట్టు వెల ఒక్కటే తెలిసినవాణ్ణి. వచ్చే నెల, వచ్చే నెల అంటూ ఆరు నెలలు పోయాయి.

ఆ శ్రావణంలో ఒక పొద్దున మహబూబ్‌నగర్‌లో నేను బండెక్కేసరికి భిక్షపతి ముఖం వాడిపోయి ఉంది. పిల్లకు రాత్రి నుంచి ఒళ్లు వేడిగా ఉందట. తొలి బస్సుకే ఎక్కించాడట.

“నేను గూడ బస్సుల్నే వస్తనన్న సారూ. ‘గా రెండొందలు ఆడ పనికొస్తయి, నువ్వు రైలుకే పో’ అన్నది మా ఆమె.”

అది నా మాటే. ఆమె నోట్లోంచి వచ్చింది, అంతే.

షాద్‌నగర్ వస్తుండగా ఫోను మోగింది. ఫోను చెవికి పెట్టుకోవడం కూడా మరిచి ఏదో నొక్కాడు. వసంతలక్ష్మి గొంతు డబ్బా అంతా వినిపించింది. “రక్తం కక్కుతాంది. బస్సాయన యాడ ఆపకుండ దవాఖానకే తోలుతుండు. ఇది నిన్నే అడుగుతాంది. మాట్లాడు, జర మాట్లాడు.”

కాసేపు ఊపిరి చప్పుడు. తర్వాత సన్నగా, “బాపు, ఏ ఠేషన్?”

భిక్షపతికి ఆ క్షణాన ఆట తోచలేదు. “షాద్‌నగర్ బిడ్డా.”

“ఇంక శానా ఉన్నయా?”

“లేవు బిడ్డా. వచ్చేసిన.”

అవతల పలుకు లేదు. బండి షాద్‌నగర్‌లోనే ఆగి ఉంది. ఇతను ఫోను రెండు చేతులతో పట్టుకుని చెప్పడం మొదలుపెట్టాడు. “ఇగో తిమ్మాపూర్ దాటినం. ఉందానగర్ వచ్చింది బిడ్డా. బుద్వేల్... ఫలక్‌నుమా... గిది కాచిగూడ. దిగుతున్న. గేటు కాడికొస్తున్న.” అన్నీ తప్పులే. కిటికీ బయట షాద్‌నగర్ బోర్డు కనిపిస్తూనే ఉంది. కాదు బాపు, నీకేం తెల్వదు అని దిద్దే గొంతు మాత్రం రాలేదు. తర్వాత వసంతలక్ష్మి ఏడుపు వినబడింది.

అక్కడి నుంచి కాచిగూడకు గంట ప్రయాణం. ఆ గంట ఎట్లా గడిచిందో రాయడం నాకు చేతకాదు. దిగి పరుగెత్తడానికి లేదు, బండిని తోయడానికి లేదు. డబ్బాలో ఎవరూ ఎవరి ముఖమూ చూడలేదు. అతని కాళ్లు మాత్రం ఆడటం ఆగిపోయాయి. అన్నేళ్లలో అవి ఆగగా చూడటం నాకు అదే మొదలు.

ఆఫీసుకు పోకుండా అతనితోనే పోయాను. ఎప్పటిలా గేటు దగ్గర వసంతలక్ష్మి లేదు. లోపల నేలమీద కూర్చుని ఉంది. ఆమె పిడికిట్లో నలిగిన రెండు జీరో టికెట్లు ఉన్నాయి. మానసను తెల్లబట్టలో చుట్టారు. భిక్షపతి వంగి, బిడ్డ ముఖం మీది బట్ట తీసి, చెవిలో ఏదో చెప్పాడు. ఏం చెప్పాడో నేను అడగలేదు.

కాగితాలు అయ్యేసరికి మధ్యాహ్నం దాటింది. శవాన్ని ఊరికి చేర్చే సర్కారు బండి వచ్చింది. బిడ్డను లోపల పడుకోబెట్టారు. వసంతలక్ష్మిని ఎక్కించారు. భిక్షపతి మాత్రం కిందనే నిలబడ్డాడు. అంగీ జేబులో చెయ్యి పెట్టి, ఉన్న నోట్లు బయటికి తీశాడు. ఆ రెండు వందలే అవి.

“ఆడోళ్లిద్దరికీ ఉచితమే గదన్నా” అని డ్రైవరును అడిగాడు. “నాకెంతయితది?”

డ్రైవరు ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

“గీ బండికి ఎవ్వరికీ కిరాయి లేదన్నా. ఎక్కి బిడ్డ పక్కపొంటి కూసో.”