తరుగు లేని లెక్క

బేకరీలో ఇరవయ్యేళ్లుగా పొయ్యి ముందు నిలబడే ఆవిడని అందరూ రొట్టెలక్క అంటారు. పది పాసైతే సూపర్‌వైజరు పని ఇస్తానన్నాడు యజమాని. మోచేతుల దాకా వాతలు పడ్డ మనిషి, ఆ కుర్చీ మీద ఆశ ఉండదూ మరి. మిగతా పేపర్లు ఎలాగో గట్టెక్కాయి. రసాయనశాస్త్రమే కొరకరాని కొయ్యయి కూర్చుంది. ఇదే ఆఖరి అవకాశం.

చదువు చెప్పేది కోడలు.

"మూత బిగించిన సీసాలో కొవ్వొత్తి వెలిగించాం. అంతా కలిపి వంద గ్రాములు. ఆరిపోయాక ఎంతుంటుంది అత్తయ్యా?"

"ఎనభై ఎనిమిది. తరుగు పోవాలిగా."

కాలితే బరువు తగ్గుతుందని ప్రతి ముద్దకీ చిటికెడు పిండి అదనంగా చేర్చే చెయ్యి అది. ఏ లెక్క ఇచ్చినా తరుగు తీసేసేది.

"వేడికి బరువు లేదంటావు. మరి వేడి తగిలితే రొట్టె బరువెందుకు తగ్గుతుంది? ఎవరు ఎత్తుకుపోతున్నారు?" అంది రొట్టెలక్క.

"అందులో నీళ్లు ఆవిరై బయటికి పోతాయి. సీసాకి మూత ఉంది కదా, ఎక్కడికీ పోదు."

రొట్టెలక్క తలూపింది. అర్థమయ్యి కాదు, కోడలి మీద జాలితో. మరుసటి లెక్కలో మళ్లీ తరుగు తీసింది.

కోడలికి ఓపిక నశించింది. "తరుగన్న మాటే మర్చిపోండి. ముందెంతో తర్వాతా అంతే."

ఆ ఒక్క ముక్కా బట్టీపట్టి పరీక్షకెళ్లింది. అక్కడ ఇచ్చిన ప్రశ్న ఇది. 'కిలో పిండిముద్దను పొయ్యిలో కాల్చితే రొట్టె 880 గ్రాములు తూగింది. తగ్గిన ద్రవ్యరాశి ఏమైంది?'

తనని బుట్టలో వేయడానికే ఇచ్చారనుకుంది. నేనంత వెర్రిదాన్నా అనుకుని రాసేసింది: 'ద్రవ్యరాశి తగ్గదు. తూకంలో తప్పుంది.'

ఇంటికొచ్చి గర్వంగా చెబితే కోడలు కంచం పెట్టి వడ్డించింది. "మీరు ముందు భోంచెయ్యండి అత్తయ్యా," అంది.

మర్నాడు బేకరీలో రొట్టెలక్క త్రాసులో ముద్ద పెట్టింది. చెయ్యి తనంతట తానే చిటికెడు పిండి తుంచి దానిమీద వేసింది. పక్కన ఎవరో పొయ్యి తలుపు తీశారు. ఆవిరి గుప్పున ముఖానికి కొట్టింది. ముఖమంతా తడిసింది. రొట్టెలక్క కదల్లేదు.

"ఏమైందక్కా, త్రాసు పాడైందా?" అన్నాడు పొయ్యి దగ్గరవాడు.

"లేదురా," అంది ఏడుపు గొంతుతో. "తూకం సరిగ్గానే ఉంది."