అంకుల్ రాసిచ్చిన కాగితం

మొన్న మంగళవారం పొద్దున ఆఫీసుకు డ్రైవ్ చేస్తుంటే అంకుల్ వాళ్ళ అమ్మాయి ఫోన్ చేసింది. "డాడ్ పాస్డ్ అవే" అని రెండుసార్లు చెప్పింది. సరేనమ్మా అన్నాను. ఎవరైనా చావు కబురుకి సరే అంటారా? పార్కింగ్‌లో కారు ఆపాను. తర్వాత లోపలికి వెళ్ళి పది గంటల మీటింగులో మాట్లాడాను కూడా. ఏం మాట్లాడానో గుర్తు లేదు.

ఈ ఊళ్ళోనే మౌంట్ రాస్కిల్‌లో ఆయన ఇంటి వెనక చిన్న ఫ్లాట్‌లో నాలుగేళ్ళు అద్దెకున్నాను. ఆయన వరంగల్ వైపు మనిషి. పాతికేళ్ళు సిటీ బస్సు నడిపి రిటైరయ్యారు. ఎవరికి ఏ వీసా ఫామ్ నింపాలన్నా ఆయన వంటింటి బల్ల దగ్గరికే వచ్చేవారు. ఆయన ముందు ప్రింట్ తీసి పెన్సిల్‌తో నింపేవారు. తప్పు పడితే రబ్బరుతో తుడిచి, ఆ పొట్టు అరచేతిలోకి ఎత్తి సింకులో వేసి వచ్చేవారు. ఎవరి దగ్గరా ఒక్క డాలరు పుచ్చుకోలేదు. ఆంటీ మాత్రం వచ్చినవాళ్ళందరికీ టీ పెట్టలేక విసుక్కునేది.

నా పెళ్ళి వ్యవహారం మనవాళ్ళందరికీ తెలిసిందే. వీసా కాగితాల కోసం ముందు కాకినాడలో రిజిస్టర్ చేయించుకున్నాం. ముహూర్తం ఆరు నెలల తర్వాత. అప్పటిదాకా ఆమె పుట్టింట్లో, నేను ఇక్కడ. ముహూర్తం అయ్యాక ఆమె వీసా ఫామ్ తీస్తే అందులో రెండు ప్రశ్నలున్నాయి. పెళ్ళి ఎప్పుడయింది, కలిసి ఉండడం ఎప్పుడు మొదలుపెట్టారు.

"ఈ రెండు తారీఖులు ఒక్కటేనా బిడ్డా?" అని అడిగారు అంకుల్.

"ఒకటే వేసెయ్యండి అంకుల్," అన్నాను. ఎక్కువ రోజులు కలిసి ఉన్నట్టు కనబడితే మంచిదని ఎవరో చెప్పారు నాకు. ఆయన పెన్సిల్ ఎత్తి పట్టుకుని ఇంకోసారి నా వైపు చూశారు. తర్వాత రాశారు.

ఇమిగ్రేషన్ వాళ్ళు ఇద్దరికీ విడివిడిగా ఫోన్ చేశారు. నేను రిజిస్ట్రేషన్ తేదీ చెప్పాను. ఆమె శ్రావణంలో ముహూర్తం అయ్యాక అని ఉన్నమాట చెప్పింది. తప్పుడు సమాచారం ఇచ్చారు, సంజాయిషీ చెప్పండి అని ఉత్తరం వచ్చింది. వీసా పోతే పోయింది, ఇక మీదట ఏ అప్లికేషన్ పెట్టినా ఆ మచ్చ ఉంటుందని తెలిసినవాళ్ళు అన్నారు.

అప్పుడు ఊరికి ఇంకో వైపున్న హెండర్సన్‌లో లైసెన్స్ ఉన్న ఇమిగ్రేషన్ అడ్వైజర్ దగ్గరికి వెళ్ళాం. విజయవాడ ఆవిడ. అంకుల్ పిలవకుండానే కారెక్కారు. ఆవిడ ఫైలు తెరిచి మొదట అడిగిన మాట, "ఇది ఎవరు నింపారండీ?"

నేను నోరు విప్పేలోపే అంకుల్, "నేను నింపిన మేడమ్. నాకు లైసెన్స్ లేదు," అన్నారు.

"అంకుల్, ఊరికే చేసినా ఈ పని రోజూ అందరికీ చేస్తే నేరమే ఇక్కడ. అది రాసిస్తే మీ మీదికి వస్తుంది," అన్నారావిడ.

"రాస్త."

అక్కడే రాశారు. ఈ సారి పెన్నుతో. ఫామ్ నేను నింపాను, నింపే అర్హత నాకు లేదు, తప్పు నాది. మూడు వాక్యాలు. తేదీ చెప్పింది నేనని ఆ గదిలో అనలేదు.

మా సంజాయిషీ ఒప్పుకున్నారు. మా ఆవిడ వచ్చింది. అంకుల్‌కి మాత్రం హెచ్చరిక ఉత్తరం వచ్చింది. ఆ తర్వాత ఆయన ఒక్క ఫామ్ ముట్టలేదు. ఎవరైనా వస్తే టీ ఇచ్చి, ఫోన్ తియ్యమని, లైసెన్స్ ఉన్న అడ్వైజర్ల రిజిస్టర్ వెతికించేవారు. "ముందుగాల పేరు ఇండ్ల ఉన్నదో లేదో చూడు. తర్వాత నీ కథ చెప్పు," అనేవారు. పెద్దాయన భయపడ్డాడని కొందరు, ఎవరిదో వీసా చెడగొట్టాడట అని కొందరు అన్నారు. ఆ ఎవరో నేనే. నేనూ విని ఊరుకున్నాను.

ఒక్కసారి మాత్రం ఆయన వంటింట్లో, "అంకుల్, తేదీ నేనే కదా చెప్పింది," అన్నాను.

ఆయన కప్పు కడుగుతూ, "నువ్వు చెప్పినవ్, నేను రాసిన. పని తెలిసినోడైతే నీ మాట మీద రాయడు, కాయితం అడుగుతడు. పైసల్ తీసుకోలే కదా, ఎవ్వలికీ జవాబు చెప్పే పని లేదనుకున్న. గదే తప్పు," అన్నారు. కడిగిన కప్పు అందుకుని తుడిచాను.

శనివారం అంత్యక్రియలు. చాపెల్‌లో ఆఖరి చూపుకి లైన్లో నిలబడి ఉంటే ముందున్నాయన వెనక్కి తిరిగి మెల్లగా, "మంచోడే పాపం. మీ ఫామ్ చెడగొట్టింది ఈయనే కదా?" అన్నాడు.

"ఆ," అన్నాను.

నోటికి అదే వచ్చింది. పక్కన మా ఆవిడ ఏడుస్తోంది. నాకు ఏడుపు రాలేదు. ఇవాళ్టికీ రాలేదు. ఆ రోజు లైన్లో ఆయనకి చెప్పవలసిన జవాబు ఇప్పుడు మీకు రాస్తున్నాను. ఎంత సిగ్గుగా ఉందో చెప్పలేను.

పెట్టె దగ్గరికి వెళ్ళాక గులాబీ రేకులు చేతిలో పెట్టి వెయ్యమన్నారు. వేశాను. అంకుల్ వాళ్ళమ్మాయి ఆయనకి కళ్ళజోడు పెట్టి పడుకోబెట్టింది. ఒక రేకు దాని అద్దం మీద పడింది. తీద్దామని చెయ్యి చాపాను. వెనక లైన్ కదిలింది, నేనూ కదిలాను.