అమ్మినాయన సన్నబడ్డాడు

ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. నిరుడు వేసవిలో, ఖమ్మంలో నేను పనిచేసే మెడికల్ ఎక్విప్‌మెంట్ షాపు స్టోర్‌రూంలో తలుపు వేసుకుని, మా యజమాని ప్రసాద్ సార్‌ని నోటికొచ్చినట్టు తిట్టాను. డైరీలో కూడా రాయలేని తిట్లు. నలుగురిలో మాట్లాడాలంటే గొంతు వణికే మనిషిని. అన్ని తిట్లు నాకు వచ్చని నాకే తెలియదు. వినడానికి అక్కడ రెండు సీపాప్ మిషన్లు తప్ప ఎవరూ లేరు.

నిద్రలో గొంతు మూసుకుపోయి ఊపిరి ఆగిపోయేవాళ్లకు, మాస్కు ద్వారా ఒత్తిడితో గాలి పంపి దారి తెరిచి ఉంచేదే సీపాప్. కొత్తది కొనలేనివాళ్లు పాతది అడుగుతారు. మా వైపు పోయినవాళ్ల మంచం, బట్టలు ఇంట్లో ఉంచుకోరు. మిషన్ కూడా అంతే. పెద్దకర్మ కాకముందే తెచ్చి, తీసేసుకోండని షాపులో పెట్టి వెళ్తారు. కొనడానికి వచ్చేవాళ్లకూ అదే భయం. మోటారు ఎన్ని గంటలు తిరిగిందని ఒక్కరూ అడగరు. వాడినాయన ఉన్నాడా, పోయాడా అని అడుగుతారు.

ఆ రోజు స్టోర్‌రూంలో ఉన్న రెండింటిలో ఒకటి బోనకల్ వైపు చనిపోయిన ఒక పంతులుగారిది. బూడిదరంగు డబ్బా, బరువు, కొంచెం మోత. ఫిక్స్‌డ్ ప్రెషర్, అంటే డాక్టర్ రాసిన ఒత్తిడినే రాత్రంతా ఇస్తుంది. కానీ మోటారు తక్కువ తిరిగింది, లోపలంతా శుభ్రంగా ఉంది. రెండోది కొత్త మోడల్. రంగుల స్క్రీన్, ఊపిరిని బట్టి ఒత్తిడిని తానే మార్చుకునే ఆటో పద్ధతి, ఫోన్లో రిపోర్టు. మామూలుగానైతే నేను అదే తీసుకోమంటాను. అయితే మోత తగ్గించడానికి లోపల పెట్టే ఫోమ్, ఒక రకం స్పాంజి, దీంట్లో కుళ్లిపోయింది. గాలి వచ్చే చోట తెల్లబట్ట పట్టి ఆన్ చేస్తే నల్లటి నలుసులు పడ్డాయి. పెట్టుకున్నవాళ్ల ఊపిరితిత్తుల్లోకి పోయేది అదే.

సార్‌కి చూపించాను. "తుడిచి పెట్టమ్మా. ప్రతిదానికీ భూతద్దం పెడితే వ్యాపారం చేసినట్టే" అన్నారు. స్టోర్‌రూం తలుపు వేసుకున్నది అప్పుడే.

మధ్యాహ్నం సమ్మక్క, ఆమె భర్త ముత్తయ్య వచ్చారు. జూలూరుపాడు అవతల అడవి అంచు పల్లె వాళ్లది. ఆమె ఒక హాస్టల్లో పిల్లలకు వండిపెడుతుంది. పొయ్యి ముందే కునుకుపట్టి, మరిగే గంజిలో చెయ్యి పెట్టిందట. మోచేతి దాకా పచ్చి పుండు. ఇంకోసారి కునికితే పనిలోంచి తీసేస్తానని వార్డెన్ చెప్పేశాడు.

"తిన్నది అరగక నిద్ర అంటరు బిడ్డా. నేను పండుకోక ఎన్నేండ్లయ్యిందో వాళ్లకేం ఎరుక" అంది నాతో.

సార్ రెండు మిషన్లూ బల్ల మీద పెట్టించారు. ముత్తయ్య అడగనే అడిగాడు. "సారూ, గివి వాడినోళ్లు ఉన్నరా?"

"ఈ కొత్తదాని ఆయన లక్షణంగా ఉన్నాడయ్యా. సన్నబడ్డాడు, గురక పోయింది, అమ్మేశాడు. ఆ పాతదాని ఆయన మాత్రం, పాపం, పోయాడు."

ముత్తయ్య బూడిదరంగు డబ్బా మీంచి చెయ్యి తీసేశాడు.

నా ఒళ్లు మండిపోయింది. ఏ మిషన్ అమ్మినా ఆ సన్నబడ్డ మనిషి కథే చెప్పే సార్, ఆ రోజు ఒక్క నిజం చెప్పారు. అది కూడా మంచి మిషన్ మీద భయం పుట్టించి, కుళ్లినదాన్ని ఎక్కువ ధరకు అంటగట్టడానికి.

సమ్మక్క నవ్వింది. "పోయినసారి అడుగుదామని వచ్చిననాడు గూడ గిదే చెప్పినవ్ సారూ. ఖమ్మంల అందరు సన్నబడుతుండ్రా? మరి నువ్వేంది గట్లనే ఉన్నవ్?"

సార్ పొట్ట సర్దుకుని, ముత్తయ్యతో బేరంలో పడ్డారు. అంతలోనే సమ్మక్క కుర్చీలోనే వాలిపోయింది. గురక మొదలైంది, ఆగింది. ఛాతీ లేస్తోంది, గాలి మాత్రం రావడం లేదు. నేనూ ఊపిరి బిగబట్టాను. ఆమె ఉలిక్కిపడి లేచి, ముందు కాలిన చేతిని దగ్గరికి లాక్కుంది, ఎదురుగా పొయ్యి ఉన్నట్టు.

ఇక ఆగలేకపోయాను. తెల్లబట్ట తెచ్చి కొత్తదానికి పట్టి ఆన్ చేశాను. తర్వాత ఇంకో బట్ట పాతదానికి. అది తెల్లగానే ఉంది. రెండు బట్టలూ ఆమె ఒళ్లో పెట్టాను. "చూడండమ్మా" అన్నాను. గొంతు వణికింది.

"లోపలికెళ్లు" అన్నారు సార్. నేను కదలలేదు.

సమ్మక్క నల్ల నలుసుల్ని వేలితో నలిపి చూసింది. "గీ మసి నా గొంతులకేనా?" అంది. పాత డబ్బాను ఒళ్లోకి తీసుకుంది.

"సచ్చినోని ముక్కుది మనకెందుకే?" అన్నాడు ముత్తయ్య.

"మాస్కు కొత్తదిస్తరు. పెట్టుకునేది నేను. నువ్వు దూరం పండుకో, నీ గురక గూడ నాకు తప్పుతది."

డాక్టర్ చీటీలో ఉన్న ఒత్తిడికి సెట్ చేసి, ట్యూబు, మాస్కు, ఫిల్టరు కొత్తవి వేసి ఇచ్చాను. అది బోనకల్ వైపు ఒక పంతులుగారిదని కూడా చెప్పాను. ఆ తర్వాత చాలా రోజులు సార్ నాతో మాట్లాడలేదు. ఆ రెండో మిషన్ కొద్దిరోజులకే షెల్ఫులో కనిపించలేదు. ఎవరికిచ్చారని అడిగితే, "నీకెందుకు?" అన్నారు. నాకెందుకో ఆయనకు తెలుసు. ఆ కోపం ఇంకా చల్లారలేదు, చల్లారనివ్వను కూడా. ఎక్కడో ఎవరో ఆ మసిని పీలుస్తూ పడుకుంటున్నారు.

పాత మిషన్ కొనేవాళ్లకు నేను ఇప్పుడు అడగకముందే చెబుతున్నాను: వాడిన మనిషి సంగతి తర్వాత, ముందు మోటారు గంటలు చూపించమనండి. మీ ఎదురుగా తెల్లబట్ట పట్టమనండి. మీ చీటీలోని ఒత్తిడి ఇస్తుందో లేదో చూడండి. స్క్రీన్ రంగు చివర్న చూసుకోవచ్చు. ఇదంతా చెప్పేటప్పుడు గొంతు ఇంకా వణుకుతుంది. వణికినా చెబుతాను.

వానాకాలంలో ఫిల్టరు కోసం సమ్మక్క ఒక్కతే వచ్చింది. కళ్లు తేటగా ఉన్నాయి, చేతి పుండు మానింది, హాస్టల్ పని పోలేదు. వెళ్తూ వెళ్తూ గడప దగ్గర ఆగింది.

"ఆ పంతులు పేరేంది బిడ్డా? మా పెద్దలకు పెట్టేనాడు ఆయనకు గూడ ఒక ముద్ద తీస్త."