అందిందా గారి నాలుగు పోగులు

అందిందా గారు ఒక మాట చెబితే, ఆ మాట అవతలివాళ్ల నోట తిరిగి వినేదాకా రెండో మాట చెప్పేవారు కాదు. సిమెంటు ఫ్యాక్టరీలో మీటర్లు, తీగలు చూసుకునే ఉద్యోగం ఆయనది. కన్నవాళ్లు పెట్టిన పేరు జీతాల కాగితంలో ఉండేది గానీ, దాంతో పిలిస్తే ఆయనే పలికేవారు కాదు.

"టీ. చక్కెర తక్కువ. అందిందా?" అనేవారు క్యాంటీనులో.

"అందిందండీ."

"ఏం అందింది?"

"టీ. చక్కెర తక్కువ."

అప్పుడు గానీ పక్కకు జరిగేవారు కాదు. ఈలోగా వెనక వరస గుమ్మం దాటి ఎండలో నిలబడేది.

ఇంట్లోనూ ఇదే తంతు. భార్యకు కోపం వస్తే ఆవిడ తిట్టేది కాదు, "అందింది" అనడం మానేసేది. ఆయన వంటింటి గుమ్మంలో అరగంట నిలబడేవారు, అడుగు ముందుకీ పడదు, వెనక్కీ పడదు. "ఆఫీసు జబ్బు ఇంటికి తెచ్చుకున్నారు" అని ఆవిడ పక్కింటివాళ్లతో చెప్పుకునేది. ఆ కబురు ఫ్యాక్టరీ అంతా పాకింది.

నాలుగేళ్ల కిందట బదిలీ మీద వచ్చిన మేనేజరుకూ ఓపికకూ చుక్కెదురు. సోమవారం మీటింగులో అందిందా గారు నోరు తెరిస్తే భోజనం గంట మోగాల్సిందే. పదిమందీ ఒక్కొక్కరే ముఖం ఎత్తి, నిదానంగా, ఆయన మాట ఆయనకే అప్పజెప్పాలి.

"ఒకసారి చెబితే సరిపోదా?" అన్నాడు మేనేజరు ఒకనాడు.

"పంపాననుకుంటే చాలదు సార్. అందిందని అటునుంచి రావాలి. మిషన్లకున్న పాటి బుద్ధి మనకుండొద్దూ? అందిందా?"

మేనేజరు పళ్లు కొరుకుతూ "అందింది" అన్నాడు.

అసలు గొడవ దూరపు గేటు దగ్గర మొదలైంది. అక్కడ లారీలు తూచే కాటా ఉంది. ఆఫీసుకు కిలోమీటరున్నర. కాటా చూపే అంకెలు ఒకదాని వెనక ఒకటి రాగి తీగ మీద ఆఫీసు కంప్యూటరుకు వచ్చేవి. దారిలో రాళ్లు పిండిచేసే క్రషరుంది. దాని మోటార్లు లేచాయంటే అంకెలకు పూనకం వచ్చేది. ఒకరోజు ఖాళీ లారీ తొమ్మిది వందల టన్నులు తూగింది. డ్రైవరు దిగి, కిందికి వంగి, లారీకి ఏం తగులుకుందో చూసుకున్నాడు.

తీగ మొరాయించినప్పుడల్లా ఫోనే దిక్కు. గేటులో ఒంటరిగా కూర్చునే ఆవిణ్ని అందరూ కాటా అక్క అనేవారు. నెలలో రెండుసార్లు, ఫోనులో ఆపమన్న లారీని ఆవిడ పంపించేసింది. ఒకటి అడిగితే ఇంకోటి చెప్పింది. ఇది నిర్లక్ష్యమని మేనేజరు తేల్చేశాడు. ఆవిణ్ని ఉద్యోగంలోంచి తీసేస్తూ కాగితం రాయించి సొరుగులో పెట్టాడు. సంతకం ఒక్కటే తరువాయి.

ఆ సంగతి అందిందా గారి చెవిన పడింది.

"ఆ ఇంటికి ఆవిడ జీతమే ఆధారం సార్. తప్పు తీగది. ఫైబరు వేద్దాం. అందిందా?"

"శుక్రవారం సాయంత్రంలోగా అంకెలు సరిగ్గా రావాలి. రాకపోతే సంతకం పెట్టేస్తాను. మీకు అందిందా?"

"శుక్రవారం. సంతకం. అందింది సార్" అన్నారు అందిందా గారు నీరసంగా.

ఫైబరంటే వెంట్రుకంత గాజు పోగు. ఇటు చివర ఒక చిన్న డబ్బా అంకెల్ని వెలుగు చేసి పంపుతుంది. అటు చివరి డబ్బా ఆ వెలుగును మళ్లీ అంకెలు చేస్తుంది.

"గాజుకు చెవుడు సార్" అని వివరించారు ఆయన. "మోటార్ల గోల దానికి వినపడదు. తన పని మాత్రం నిక్కచ్చిగా చేస్తుంది. చెవుడున్నంత మాత్రాన పని చేయకూడదని ఎక్కడుంది?"

ఎక్కడుందో మేనేజరుకు తెలియలేదు. "పోనూ రానూ రెండు పోగులు చాలు కదా, నాలుగెందుకు?" అని మాత్రం అడిగాడు.

"కొసరు సార్. అందిందా?"

శుక్రవారం నాలుగింటికి మీట నొక్కారు. తెర మీద ఒక్క అంకె కూడా రాలేదు. మేనేజరు గడియారం చూశాడు. అందిందా గారు మీట మరోసారి నొక్కారు. డబ్బా వెనక్కి తొంగి చూసి, తేలిగ్గా ఊపిరి వదిలారు.

"పంపే రంధ్రానికి అటు పంపే రంధ్రమే కలిపారు సార్. రెండువైపులా చెప్పేవాళ్లే, వినేవాళ్లు లేరు."

"అంటే?"

"మన సోమవారం మీటింగు. అందిందా?"

మేనేజరు అందిందనక తప్పలేదు. రెండు పోగులూ అటుదిటు మార్చగానే అంకెలు బుద్ధిగా వరస కట్టాయి. క్రషరు మోటార్లన్నీ ఒక్కసారిగా లేపినా చెక్కుచెదరలేదు.

అయినా ఆ కొసరు సంగతి మేనేజరు మనసులో నలుగుతూనే ఉంది. జీపెక్కి గేటుకు వెళ్లాడు. కాటా అక్క బల్ల మీద ఒక పాత తెర, కీబోర్డు ఉన్నాయి. మిగిలిన రెండు పోగులూ ఆఫీసులో అందిందా గారి బల్ల నుంచి వాటి దగ్గరికే వచ్చాయి. తెర మీద "నీలం లారీని ఆపు చెల్లెమ్మా. కాగితం చూడు. అందిందా?" అని ఉంది. ఆవిడ కింద "అందింది" అని కొడుతోంది.

"ఏమమ్మా!" అన్నాడు మేనేజరు వెనకనుంచి. ఆవిడ తిరగలేదు. గట్టిగా పిలిచాడు. తిరగలేదు. అతని నీడ బల్ల మీద పడ్డాక ఉలిక్కిపడి లేచింది. అతని పెదవుల వంకే చూస్తూ నిలబడింది.

మేనేజరుకు అప్పటికి అర్థమైంది. నిదానంగా అడిగాడు: "ఎన్నాళ్లనుంచి?"

"ఆరేళ్లనుంచి వినికిడి తగ్గుతూ వచ్చింది సార్. మనిషి ఎదురుగా ఉంటే పెదాలు చూసి లాక్కొస్తాను. ఫోనులో పెదాలు కనపడవు కదా!"

"ఎవరికీ తెలీదా?"

"అన్నయ్యొక్కడికే. మొదట్లో 'అందిందా' అని నన్నే అడిగేవాడు. నన్నొక్కదాన్నే అడిగితే నలుగురికీ తెలిసిపోతుందని, అందర్నీ అడగడం మొదలుపెట్టాడు. ఇప్పుడు ఫ్యాక్టరీ అంతా ముఖం చూపించి, నిదానంగా, రెండుసార్లు మాట్లాడుతుంది. నాకు హాయిగా జరిగిపోతోంది."

వంటింటి గుమ్మంలో నిలబడ్డ మనిషిని తలుచుకుంటే మేనేజరుకు నవ్వొచ్చింది, సొరుగులో కాగితాన్ని తలుచుకుంటే సిగ్గేసింది. కుర్చీ లాక్కుని ఒక్క వేలితో కొట్టాడు.

"నేను మేనేజర్ని. సొరుగులో కాగితం చింపేస్తున్నాను. కాటా అక్క ఇక్కడే ఉంటుంది. అందిందా?"

అటునుంచి తెర మీదికి అక్షరాలు ఒక్కొక్కటే వచ్చాయి.

"సరిగ్గా అందలేదు సార్. ఇంకోసారి చెప్పండి."

మేనేజరు డబ్బా వెనక్కి వంగి పోగులు చూడబోయాడు.

"పోగులు బాగానే ఉన్నాయి సార్" అంది కాటా అక్క కళ్లు తుడుచుకుని నవ్వుతూ. "మీరు ఇంకోసారి కొట్టండి."