సముద్రానికి వీపు పెట్టి నిలబడే మనిషికి తగిన కెమెరా

కొమారి గంగాభవాని, వయస్సు ముప్పై ఆరు సంవత్సరములు, తూర్పుపాళెం గ్రామ నివాసి. నేను ఈమెను ఇరవై ఏడు సంవత్సరములుగా ఎరుగుదును. తొమ్మిదేళ్ల ప్రాయంలో ఈమె తన తండ్రి వెంట మా ఇంటి అరుగు మీదికి వచ్చింది. తండ్రి పడవ కాగితం పోగొట్టుకొని, మరొక ప్రతి కోసం నా చేత దరఖాస్తు రాయించుకొనుటకు వచ్చారు. నేను పడవ నంబరు అడిగితే ఆయన తడుముకొన్నారు. వెనుక నిలబడిన ఈమె తడుముకోకుండా చెప్పింది. అంతటితో ఆగక, ఆనాడు ఒడ్డున ఉన్న పడవల నంబర్లన్నీ, ఎవరూ అడగకపోయినా, వరుసగా చెప్పుకొంటూ పోయింది. నేను వాటిని నా రిజిస్టరుతో సరిచూశాను. ఒక్కటీ తప్పు లేదు.

ఈమె భర్త శివశంకర్ కృష్ణపట్నంలో ఒక కంపెనీ బస్సు నడుపుతున్నాడు. ఈమె ఇంటి ముందు గదిలో పాస్‌పోర్టు ఫోటోలు తీసి, అచ్చు వేసి ఇస్తుంది. చుట్టుపట్ల శుభకార్యాలకు కూడా పోయి తీస్తుంది. కుడి కంటికి చూపు తక్కువ. పన్నెండో ఏట వలలోని చేపలు ఏరుతుండగా జెల్ల చేప ముల్లు ఆ కంటికి గీసుకొన్నది. పనంతా ఎడమ కంటితోనే. ఈ సంగతి ఈమె ఎవరికీ చెప్పుకోదు. ముందు ముందు అవసరమగును గనుక నేను ఇక్కడ రాస్తున్నాను.

మా పాళెం మత్స్యకార సహకార సంఘంలో అరవై నాలుగు పడవలున్నవి. ప్రతి సంవత్సరం వేట నిషేధం ముగిసిన తరువాత, మొదటి పది దినాలలో, ప్రతి పడవకూ ఒక ఫోటో తీసి రిజిస్టరులో అంటిస్తాము. పడవ నంబరు, పడవలో పోయే మనుషులు, రెండూ ఒకే ఫోటోలో పడవలెను. ఏ పడవ అయినా వేళకు తిరిగి రాకపోతే, గాలించే వారి చేతికి మొదట ఇచ్చేది ఆ ఫోటోనే. గత ఆరేళ్లుగా ఈ పని గంగాభవాని తన సెల్‌ఫోనుతో చేస్తున్నది.

ఈ పనిలోని కష్టం తెలియవలెనంటే మా ఆచారం ఒకటి తెలియవలెను. మా వాళ్లు ఒడ్డుకు చేరిన పడవను, ఎంత అలసి ఉన్నా, తలా ఒక చేయి వేసి తిప్పి, దాని ముఖం సముద్రం వైపు పెట్టిన తరువాతనే ఇండ్లకు పోతారు. ఊరి వైపు ముఖం పెట్టిన పడవను చూస్తే ఎవరికీ మనసొప్పదు. నంబరు రాసేది పడవ ముఖం మీదనే. కావున ఫోటో తీసే మనిషి మోకాటి లోతు నీళ్లలో, సముద్రానికి వీపు పెట్టి నిలబడక తప్పదు. అది ఉదయం ఎనిమిది, తొమ్మిది గంటల వేళ. వేటకు పోయిన వారు ఒడ్డున ఉండేదీ, ఎండ నేరుగా నంబరు మీద పడేదీ అప్పుడే. మధ్యాహ్నం దాటితే నంబరు నీడలో పడుతుంది, మనుషులు నిద్రలో ఉంటారు.

గత నవంబరులో 137 నంబరు పడవ ఇంజను చెడి దక్షిణానికి కొట్టుకొనిపోయినది. అందులో నలుగురు మనుషులు. గాలింపుకు పోయిన వారికి మేము ఇచ్చిన ఫోటోలో 13 వరకే ఉన్నది, చివరి అంకె అంచున తెగిపోయినది. మాకు అదే ఆకుపచ్చ రంగులో 132 నంబరు పడవ కూడా కలదు. వారు దూరాన లంగరు వేసి ఉన్న 132ను చూసి, వెతుకుతున్నది అదేననుకొని, మనుషులు క్షేమమని తిరిగి వచ్చారు. 137లోని నలుగురు మరునాడు మధ్యాహ్నం వరకు నీళ్లు లేక సముద్రం మీదనే ఉండి, వేరే ఊరి వారి కంటబడి బయటపడ్డారు. ఆ నలుగురిలో ఒకరు, చేపలమ్మే సామ్రాజ్యం భర్త.

ఆ ఫోటో తీసినప్పుడు ఫోను తెర మీద ఎండ పడి ఏమీ కనపడలేదని, అందాజుగా నొక్కితినని గంగాభవాని సంఘంలో అందరి ఎదుటా ఒప్పుకొన్నది. సామ్రాజ్యం మాత్రం ఈమె ఎదురైనప్పుడల్లా గంప దించి మరీ అడుగుతున్నది.

"ఏందిమే, ఈ తడవన్నా నెంబరు పూర్తిగా పడతాదా? లేకుంటే నా మొగుణ్ణి సగమే ఎతుక్కోమంటావా?"

ఈ సంగతి విని తమరి తీర గ్రామాల సహాయ నిధి వారు ఫిబ్రవరిలో మాకొక లేఖ రాసి, సంఘానికి ఒక మంచి కెమెరా ఇప్పించెదమనియు, ఏది కావలెనో తీర్మానం చేసి తెలుపవలెననియు కోరినారు. ఒకసారి ఇచ్చిన తరువాత మార్పు ఉండదు, ఐదేళ్ల వరకు మరొకటి ఇవ్వబడదు. నెల్లూరులో కెమెరాల దుకాణం నడిపే ముఖేష్ రెండు రకాలు ఎంచి, ఒక సాయంత్రం స్వయంగా మా వేలం షెడ్డు వద్దకు తెచ్చాడు. రెండూ మిర్రర్‌లెస్ అనబడే చిన్న కెమెరాలే. పాత పెద్ద కెమెరాలలో ఉండే అద్దం వీటిలో ఉండదు కనుక అరచేతిలో ఇముడుతాయి. ధరలో చెప్పుకోదగిన తేడా లేదు. మొదటిదానికి వెనుక పెద్ద తెర ఉన్నది, దానిని ముందుకు కూడా తిప్పవచ్చును. కన్ను ఆనించి చూసే గూడు మాత్రం లేదు. రెండవది కాస్త బరువు, తెర చిన్నది. కానీ ఎడమ వైపు పై మూలన కన్ను ఆనించే గూడు కలదు.

ఆ సాయంత్రం గంగాభవాని ఊరిలో లేదు, కొడవలూరులో ఒక నిశ్చితార్థానికి ఫోటోలు తీయుటకు పోయింది. సంఘ కార్యదర్శి పెంచలకృష్ణ మొదటి కెమెరా తెరను ముందుకు తిప్పి, కమిటీ వారినందరినీ పిలిచాడు.

"రాండి రాండి, అందురూ పడతారు. గంగులయ్య మామా, నువ్వు నడిమికి రా."

అధ్యక్షులు గంగులయ్య గారు తెరలో తమను తాము చూసుకొని తల నిమురుకొన్నారు. "ఒరే, నా జుట్టు ఇంత తెల్లబడిందంట్రా? ఇది మంచి కెమెరా కాదురా."

"కెమెరా మంచిదే మామా. తప్పంతా జుట్టుదే."

ముఖేష్ రెండవదాన్ని చేతికివ్వబోతే పెంచలకృష్ణ తీసుకోలేదు. "ఈ కాలంలో ఒక కన్ను మూసుకోని బొక్కలో చూసేదెవురు ముఖేషన్నా? దాన్ని లోపల పెట్టు."

కమిటీలోని తొమ్మిది మందీ మొదటిదానికే సంతకాలు చేశారు. తీర్మానం నకలు తీసి, తమరికి లేఖ రాసి, మరునాటి తపాలాలో వేసినది నేనే. ఎవరి చేతిలో ఆ కెమెరా ఉండవలెనో ఆ మనిషిని అడిగితిరా అని నేను అడగలేదు. నా ముందుకు వచ్చిన కాగితాన్ని అక్షరం పొల్లు పోకుండా ఎత్తి రాయుట నాకు అలవాటు. అంతకుమించి ఆలోచించకపోవుట ఆనాటి నా పొరపాటు.

రెండు రోజుల తరువాత గంగాభవాని మా అరుగు మీద కూర్చొని ఆ నకలు రెండు సార్లు చదివింది.

"సార్, వీళ్లు కెమెరా చూసింది ఏ వేళప్పుడు?"

"సాయంత్రం, ఐదున్నరకు."

"సాయంత్రం ఎండ ఊరి పక్కనుంచి వస్తాది. తెర నీడలో ఉంటాది, అద్దం మాదిరి కనపడతాది. నేను తీసేది పొద్దున కదా సార్. ఎండ నా వీపు మీద, తెర మీద. నా ఫోనుకు పట్టిన గతే దీనికీ పడతాది."

"ఈ మాట వాళ్లకు తెలియదా అమ్మా?"

"ఎట్ట తెలస్తాది? ఆరేండ్లుగా వాళ్లు పడవ పక్కన నిలబడి కండ్లు చిట్లించుకునేవాళ్లే. నా పక్కన నిలబడింది ఎవురు?" అని, ఆమె కాగితం మడిచి నా చేతికిచ్చింది. "ఆ తెర కెమెరానే వస్తే రిజిస్టరు మీకే అప్పజెప్పేస్తా సార్. ఇంకో తూరి నెంబరు తెగితే నేను తట్టుకోలేను."

ఆమె కోపంతో అన్న మాట కాదు. రిజిస్టరును అప్పటికే సంచిలో పెట్టుకొని వచ్చింది. నేను తీసుకోలేదు. ముఖేష్‌కు ఫోను చేసి, రెండు కెమెరాలతో ఉదయం పూట మరొకసారి రావలెనని కోరాను.

మార్చి ఇరవై ఎనిమిదవ తేదీ ఉదయం అతను ఏడున్నరకే వచ్చాడు. ఎనిమిదింపావుకు 137 ఒడ్డు చేరినది, ఆ వెనుకనే అధ్యక్షుల వారి పడవ. 137ను తిప్పి నిలిపిన తరువాత, గంగాభవాని మొదటి కెమెరాను గంగులయ్య గారి చేతిలో పెట్టింది.

"మామా, నువ్వే తియ్యి. నా తావున నిలబడి తియ్యి."

"నేనా? నేనెప్పుడూ ఆ పక్కన గదమ్మే నిలబడేది," అంటూనే ఆయన నీళ్లలోకి దిగి, సముద్రానికి వీపు పెట్టి, కెమెరా ఎత్తారు. తెరను అటూ ఇటూ వంచి చూశారు.

"ఇందులో నా మొగమే కనపడతా ఉండాది. పడవేది?"

"పడవకంటే నీ మొగమే బాగుండాదిలే మామా, తీసుకో," అన్నది సామ్రాజ్యం, గంప పక్కన నిలబడి.

పెంచలకృష్ణ ఊరుకోలేదు. "టవలు కప్పుకోని చూస్తే సరిపోయె. దానికింత రాద్ధాంతమా?" అని తానే దిగాడు. ఒక చేత టవలు, ఒక చేత కెమెరా. రెండవ అల నడుము వరకు తడిపినది, గాలి టవలును ఎత్తుకొనిపోయినది. ముఖేష్ పరుగున పోయి కెమెరాను కాపాడుకొన్నాడు, టవలు కోసం ఎవరూ పోలేదు.

అప్పుడు గంగాభవాని రెండవ కెమెరా తీసుకొని, గూటికి ఎడమ కన్ను ఆనించి ఒక ఫోటో తీసింది. షెడ్డు నీడలోకి పోయి అందరం చూశాము. సామ్రాజ్యం గంపలోని కవళ్లు పొలుసుతో సహా స్పష్టంగా ఉన్నవి. నంబరు మసకగా ఉన్నది.

"చూసినారా?" అన్నాడు పెంచలకృష్ణ, లుంగీ పిండుకొంటూ. "నెంబరు తియ్యమంటే చేపల్ని తీసింది. ఇదేనా మీ బొక్క కెమెరా గొప్ప?"

గంగాభవాని ముఖం చిన్నబోయింది. మరొకసారి తీసినా అదే జరిగింది. నేను ఆ ఉదయం కూడా ఆమె సంచిలో తెచ్చుకొన్న రిజిస్టరు గురించి ఆలోచిస్తూ నిలబడ్డాను. ముఖేష్ ఆమెను కెమెరా పట్టుకొని కదలకుండా ఉండమని, పక్క నుండి వంగి చూసి, నవ్వాడు.

"అక్కా, గూడు ఎడమ మూలన ఉంది. మీరు ఎడమ కన్ను పెడితే ముక్కు వెళ్లి తెరకు తగులుతోంది. ఇది తాకితే పనిచేసే తెర, టచ్ స్క్రీన్. మీ ముక్కు ఎక్కడ తగిలితే అక్కడే ఫోకస్ కుదురుతోంది. కుడి కన్ను పెట్టండి."

ఆమె కెమెరా దించి అతని చేతికిచ్చింది. నేను ముఖేష్‌ను పక్కకు పిలిచి ఆమె కుడి కంటి సంగతి చెప్పాను. అతను తల ఊపి, తెరకు తాకుడు పనిచేయకుండా చేసే ఏర్పాటు లోపల ఎక్కడో వెదికి, ఆపివేసి, కెమెరా తిరిగి ఇచ్చాడు.

ఈసారి ఆమె నీళ్లలో ఎక్కువసేపు నిలబడింది. పడవ పక్కన ఆ నలుగురూ కండ్లు చిట్లించుకొని నిలబడి ఉన్నారు. ఫోటోను గంగులయ్య గారు తమ చేతితోనే పెద్దది చేసి చూశారు. ఒకటి, మూడు, ఏడు. ఏడు అంకె అడ్డగీత వద్ద రంగు పెచ్చు లేచిన చోటు కూడా కనబడినది. నలుగురి ముఖములూ గుర్తుపట్టునట్లుగా ఉన్నవి.

సామ్రాజ్యం మనుషులను తోసుకొని వచ్చి చూసింది. "ఈ తడవ నా మొగుడు పూర్తిగా పడినాడే," అని, గంపలో నుండి నాలుగు కవళ్లు తీసి గంగాభవాని సంచిలో వేసింది. ఆ సంచిలో రిజిస్టరు ఉన్నదని నేను కేక వేసేసరికే పని జరిగిపోయినది. రిజిస్టరు అట్ట మీది ఆ మరక నేటికీ పోలేదు.

న్యాయంగా చెప్పవలెనంటే మొదటి కెమెరా చెడ్డది కాదు. తేలిక, నీడలో చక్కగా పనిచేస్తుంది, వీడియోలు తీసుకొనేవారికి ఎంతో అనువు. మా పనికి మాత్రం సరిపడదు. కమిటీ వారు ఆ రోజే కూర్చొని, పాత తీర్మానాన్ని రద్దు చేసి, కొత్త తీర్మానంపై సంతకాలు చేశారు. పెంచలకృష్ణ చివరగా చేశాడు, చేసేటప్పుడు టవలు సంగతి తీర్మానంలో రాయవద్దని నన్ను కోరాడు. రాయలేదు.

కావున సహాయ నిధి కార్యదర్శి గారికి, గంగాభవాని తరఫునను సంఘం తరఫునను సవినయముగా మనవి చేసుకొనునదేమనగా: ఫిబ్రవరి నెలలో నా చేతివ్రాతతో అందిన మా లేఖను రద్దయినదిగా భావించి, అందు కోరిన కెమెరాకు బదులు, ఇందుతో జతపరచిన తీర్మానంలో వివరములు పొందుపరచిన, కన్ను ఆనించే గూడు గల కెమెరాను మంజూరు చేయించ ప్రార్థన. జూన్ పదునాలుగుతో వేట నిషేధం ముగియును గనుక, అంతకు ముందే అది మాకు చేరునట్లు చూడగోరుచున్నాను. సదరు కెమెరాను సంఘ కార్యాలయంలో గాక గంగాభవాని చేతికే, సాధ్యమైనచో ఉదయం ఎనిమిది గంటల వేళ, ఒడ్డు వద్దనే అప్పగింపజేయవలెనని, ఆమె నీళ్లలో నిలబడి ఒక ఫోటో తీసి చూసుకొన్న తరువాతనే ముట్టినట్లు సంతకం తీసుకొనవలెనని కూడా కోరుచున్నాను.

ఇట్లు,
టి. క్రీస్తురాజు,
సంఘ గౌరవ లేఖకుడు, తూర్పుపాళెం.