పడుకున్న నెలవంక

నిన్న సాయంత్రం మా మనవరాలు ఫోన్‌లో భూమి, ఆకాశం పాఠాలు చూస్తూ, "తాతా, నెలవంక ఇట్లా ఉంటాదంట" అని చూపించింది. కొడవలిని నిటారుగా నిలబెట్టినట్టున్న అదే బొమ్మ. ఇన్నేళ్లయినా మార్చలేదు. "తీసెయ్ దాన్ని!" అని అరిచాను. పాప బెదిరిపోయింది.

కరోనాకు బడులు మూసిన ఏడాది మా అక్క అల్లూరు దగ్గర హైస్కూల్లో సైన్సు టీచరు. చదువంతా ఫోన్లలోకి వచ్చిపడితే అందరూ తిట్టుకున్నారు గానీ, అక్క సంబరపడింది. అగ్నిపర్వతాలు, గ్రహాలు కదిలే బొమ్మల్లో చూపించే ఉచిత సైట్లు వెతికి, ఒక్కోదానికీ తెలుగులో తన గొంతు కలిపి పిల్లలకు పంపేది. ఇంటి పక్కనే రొయ్యల గుంటలు కావడంతో పాఠం వెనక వాటి మోటార్ల హోరు. "అగ్నిపర్వతం కంటే మీ రొయ్యలే ఎక్కువ అరస్తన్నాయి టీచర్" అని పిల్లల ఎగతాళి. ఆ పిల్లల్లో తొమ్మిదో తరగతి చదివే ఒక టైలరు కూతురు ఉండేది. తండ్రి మిషను ముందు కూర్చున్నంతసేపూ ఆయన ఫోన్ ఆమెదే. ఒక్క పాఠం వదిలేది కాదు.

ఆ ఏడు ఆన్‌లైన్‌లో పరీక్ష పెట్టి, మండలానికి ఒకరిని సైన్సు శిబిరానికి తీసుకెళ్లి, రాకెట్ ప్రయోగం చూపిస్తామన్నారు. టైలరు కూతురికి ఒక్క మార్కులో తప్పిపోయింది. నెలవంక ఏదన్న ప్రశ్నకు నాలుగు బొమ్మలిస్తే, ఆ పిల్ల పడవలా వెల్లకిలా పడుకున్నదాన్ని ఎంచుకుంది. తప్పని ఎర్రగుర్తు పడింది.

అక్క ఆ పిల్లను వెంటబెట్టుకుని నెల్లూరులో నా దగ్గరకొచ్చింది. అప్పుడు నేను పత్రికాఫీసులో డెస్కు చూసేవాణ్ని.

"రంజాన్ నెలవంకను మా అబ్బాతో మిద్దెక్కి ప్రతేడూ చూస్తా సార్. పడవ మాదిరే పడుకోనుంటాది. నిలబడుకోనుండేది నేనెప్పుడూ చూళ్లా" అంది పిల్ల.

"సీటు ఇంకా ఖాయం చెయ్యలేదురా అబ్బయా. నాలుగు ముక్కలు రాయి" అంది అక్క.

సరిచూడనిదే ఏదీ అచ్చెయ్యని మనిషినని నాకు గొప్ప. సరిచూశాను, కంప్యూటర్లో. ఏ సైటు తెరిచినా నెలవంక నిలబడే ఉంది. "ఇంతమందిదీ తప్పంటావా అక్కా?" అన్నాను.

"ఎల్లుండే నెలవంక. మీ ఆఫీసుకు మిద్దె ఉండాది గదా, ఎక్కి చూడు" అని పిల్ల చెయ్యి పట్టుకుని అక్క మెట్లు దిగిపోయింది.

మిద్దె ఉంది. ఎల్లుండీ వచ్చింది. నేను పేజీలు దిద్దుకుంటూ కూర్చున్నాను.

ఆ బొమ్మలు చలిదేశాల వాళ్లు తమ ఆకాశాన్ని చూసి గీసుకున్నవి. భూమధ్యరేఖకు దగ్గరున్న మనకు నెలవంక పడుకున్నట్టే కనిపిస్తుంది. ఆ సంగతి అవే సైట్లలో ఒక మూల రాసే ఉందని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. గీసినవాళ్ల మీద నాకు కోపం లేదు. కిటికీ తెరిచైనా చూడకుండా వాటిని మన పిల్లలకు ప్రశ్నగా పెట్టినవాళ్ల మీద ఉంది. అక్క రాసిన ఉత్తరాలన్నిటికీ "సిస్టమ్‌లో ఉన్నదే జవాబు" అని ఒక్క ముక్క పంపిన అధికారి మీద ఉంది. అందరికంటే నా మీద ఉంది. శిబిరానికి వేరెవరో వెళ్లారు. టైలరు కూతురు ఇంటర్‌లో సైన్సు తీసుకోలేదు. "చూసింది చెప్తే తప్పనే చదువు నాకెందుకు టీచర్?" అందట.

నిన్న కోపం కాస్త దిగాక పాపను మిద్దెమీదికి తీసుకెళ్లాను. పడమట ఎరుపు ఇంకా ఆరలేదు. "తాతా, పడుకోనుండాదే!" అని చప్పట్లు కొట్టింది. నెల తిరిగేసరికి నెలవంక మళ్లీ అక్కడికే వస్తుంది. ఆ టైలరు కూతురి తొమ్మిదో తరగతి మాత్రం రాదు.